బొమ్మ పోయింది, గొంతు మిగిలింది: ‘డాక్టర్ హూ’ తప్పిపోయిన ఎపిసోడ్ల కథ

35 ఏనుగులు, 4,000 తెల్ల గుర్రాలు, 25 పులులు. మంగోలు చక్రవర్తి కుబ్లాయ్ ఖాన్‌తో బ్యాక్‌గామన్ అనే పాచికలాట ఆడి ఒక ముసలాయన గెలుచుకున్న ఆస్తి ఇది. ఖాన్ కూడా ముసలివాడే. ఒకాయనకి నడుం నొప్పి, ఇంకొకాయనకి కీళ్ల నొప్పులు. మొదటిసారి ఎదురుపడినప్పుడే ఇద్దరూ కలిసి మూలుగుతారు, ఆ మూలుగులోనే స్నేహం కుదిరిపోతుంది. ఆ తర్వాత ముసలాయన గెలిచిందంతా ఒడ్డి, తన ఓడను తిరిగి దక్కించుకోవాలని చివరి పందెం కాసి, అంతా పోగొట్టుకుంటాడు. ఇదంతా 1964లో, శనివారం సాయంత్రాలు బీబీసీలో వేసే ‘డాక్టర్ హూ’ అనే సైన్స్ ఫిక్షన్ సీరియల్‌లో వచ్చింది.

ఆ సీన్ నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. చూడలేదు. చూడాలన్నా దారి లేదు. ‘మార్కో పోలో’ అనే ఆ కథకి ఏడు ఎపిసోడ్లు. ఏడింటిలో ఒక్కదాని బొమ్మ కూడా ఇంతవరకూ బయటపడలేదు. మాట, సంగీతం, ఎడారి గాలి హోరు మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఉన్నాయి.

‘డాక్టర్ హూ’ అభిమానిని అని చెప్పగానే చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: అరవై ఏళ్ల సీరియల్ కదా, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? మొదటి నుంచి అని చెబితే నాలుగో కథ దగ్గరే ఆగిపోతారు. ఎందుకంటే ఆ నాలుగో కథే ‘మార్కో పోలో’. ఎందుకు లేదు, ఎవరు పారేశారు, బొమ్మ లేకుండా గొంతు ఎలా మిగిలింది, ఇంకా దొరుకుతాయా? ఈ ప్రశ్నల చుట్టూ నిజాలతో పాటు పుకార్లూ కోపాలూ బాగా చిక్కుపడి ఉన్నాయి. నాకు తెలిసినంతలో ఆ చిక్కు విప్పే ప్రయత్నం ఇది.

సీరియల్ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1963 నవంబర్ 23న మొదలైంది. అంతకు ముందురోజే అమెరికా అధ్యక్షుడు కెనెడీ హత్య జరిగింది. ఆ హడావిడిలో చాలామంది చూడలేదని మొదటి ఎపిసోడ్‌ని వారం తర్వాత మళ్లీ వేశారు. కథానాయకుడు డాక్టర్, వేరే గ్రహం మనిషి. ఆయన కాలంలోనూ అంతరిక్షంలోనూ తిరిగే ఓడ పేరు టార్డిస్. బయటికి నీలం రంగు పోలీస్ బాక్సులా, అంటే అప్పటి బ్రిటన్ వీధుల్లో ఉండే పోలీసు ఫోను గదిలా ఉంటుంది, లోపల ఒక పెద్ద హాలు. చావు దగ్గరికి వచ్చినప్పుడు ఆయన శరీరం మారి కొత్త మనిషి అవుతాడు, దాన్ని రీజనరేషన్ అంటారు. నటుడు మారినా సీరియల్ ఆగకుండా సాగడానికి ఇదే కిటుకు. 1989లో ఆగింది, మధ్యలో 1996లో ఒక టీవీ సినిమా వచ్చింది, 2005లో మళ్లీ మొదలైంది.

దీని పుట్టుకలో మనకి దగ్గరి మనిషి ఒకరున్నారు. మొదటి కథకి దర్శకుడు వారిస్ హుస్సేన్, 1938లో లక్నోలో పుట్టినవాడు, రచయిత్రి అతియా హుసేన్ కొడుకు. నిర్మాత వెరిటీ లాంబర్ట్ అప్పటికి ఇరవైల్లో ఉన్న అమ్మాయి. బీబీసీ డ్రామా విభాగంలో ఆమె తప్ప మరో మహిళా నిర్మాత లేని రోజులవి. ఒక భారతీయ యువకుడు, ఒక యువతి కలిసి పిల్లల కోసం శనివారం సాయంత్రం వేసే సీరియల్‌ని నిలబెట్టారు. ‘మార్కో పోలో’ కూడా, ఒక్క నాలుగో ఎపిసోడ్ తప్ప, హుస్సేన్ తీసిందే. ఆ నాలుగో ఎపిసోడ్ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు అసలు చిక్కు. ‘బీబీసీ వాళ్లు డాక్టర్ హూని తగలబెట్టేశారు’ అన్న మాట అభిమానుల్లో బాగా వినిపిస్తుంది. అందులో కొంత నిజముంది. కానీ ఒకే మనిషి, ఒకే రోజు, ఒకే నిర్ణయంతో జరిగిన పని కాదు అది. రెండు వేర్వేరు వస్తువులు, రెండు వేర్వేరు చేతుల్లో, వేర్వేరు కారణాలతో పోయాయి.

మొదటి వస్తువు వీడియోటేపు. ఆ రోజుల్లో రెండు అంగుళాల వెడల్పుతో పెద్ద చక్రాల్లా ఉండేవి. చాలా ఖరీదు. కానీ చెరిపి మళ్లీ వాడుకోవచ్చు. అందుకే ప్రసారమైపోయిన కార్యక్రమాన్ని చెరిపి, దాని మీద ఇంకోటి రికార్డు చేసేవాళ్లు. ఇప్పుడు వింటే మనసు చివుక్కుమంటుంది గానీ, అప్పటి ఇంజినీరు దృష్టిలో అది పలక తుడిచి మళ్లీ రాయడం లాంటిదే. పైగా కళాకారుల సంఘాలతో ఉన్న ఒప్పందాల వల్ల ఒక కార్యక్రమాన్ని ఇష్టమొచ్చినన్ని సార్లు వేసే హక్కు బీబీసీకి లేదు. మళ్లీ వేయాలంటే మళ్లీ డబ్బులు కట్టాలి. ఇళ్లలో వీడియో లేదు. క్యాసెట్ అమ్ముకోవచ్చన్న ఆలోచనే ఎవరికీ లేదు. మళ్లీ వేయలేని, అమ్ముకోలేని టేపుని గదుల నిండా దాచి ఏం చేసుకోవాలి? 1960ల నాటి డాక్టర్ హూ అసలు టేపుల్లో ఒక్కటి కూడా మిగల్లేదు.

అలాంటప్పుడు ఇవాళ మనం చూస్తున్న పాత ఎపిసోడ్లు ఎక్కడివి? అవి రెండో వస్తువు. టేపు చెరిపేముందు, ఒక మానిటర్ ముందు ఫిల్ము కెమెరా పెట్టి, తెర మీద కదులుతున్న బొమ్మని 16 మిల్లీమీటర్ల ఫిల్ము మీదికి ఎక్కించేవాళ్లు. దీన్ని టెలీరికార్డింగ్ అంటారు. విదేశాల్లో ఒక్కో టీవీ స్టేషన్‌ది ఒక్కో పద్ధతి. ఫిల్ము మాత్రం ఎక్కడైనా ఆడుతుంది. అందుకే బీబీసీ అమ్మకాల విభాగం, బీబీసీ ఎంటర్‌ప్రైజెస్, ఈ ఫిల్ముల్ని ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, హాంకాంగ్, నైజీరియా లాంటి చోట్లకి పంపేది. ఒక దేశం చూశాక అదే ఫిల్ము పెట్టె ఇంకో దేశానికి వెళ్లేది. చివరి చోట తిరిగి పంపాలి, లేదా నాశనం చేశామని కాగితం రాసివ్వాలి. ఈ ప్రయాణాన్ని అభిమానులు దేశం దేశంగా, పెట్టె పెట్టెగా లెక్కగట్టి పెట్టుకున్నారు. ఒక్కో కథ చివరిసారి ఏ ఊళ్లో ఆడిందో చెప్పగలిగేవాళ్లు ఉన్నారు.

1970లు వచ్చేసరికి ప్రపంచం రంగుల్లోకి మారింది. డాక్టర్ హూ కూడా 1970 జనవరి నుంచి రంగుల్లోకి వచ్చింది. నలుపు తెలుపు సీరియల్‌ని కొనే స్టేషన్లు తగ్గిపోయాయి, అమ్మే హక్కుల గడువులూ తీరిపోయాయి. ఎంటర్‌ప్రైజెస్ వాళ్లు గోడౌన్ ఖాళీ చేయడం మొదలుపెట్టారు. అసలు ప్రతి బీబీసీలో ఇంకెక్కడో భద్రంగా ఉందని వీళ్లు అనుకున్నారు. ఫిల్ము లైబ్రరీ వాళ్ల దృష్టిలో వీడియోటేపు మీద తీసినది దాచడం తమ పనే కాదు. దాచమని ఏ రూలూ లేదు. ఒకరు దాచారని ఇంకొకరు అనుకుంటూ ఉండగా మధ్యలో వస్తువు జారిపోయింది. ఉమ్మడి కుటుంబాల్లో పాత ఫొటో ఆల్బమ్ పోయేది సరిగ్గా ఇలాగే.

దీన్ని ఆపింది 1978. ఆ సంవత్సరం బీబీసీ మొదటిసారి ఆర్కైవ్ సెలెక్టర్ అనే ఉద్యోగం పెట్టి స్యూ మాల్డెన్‌కి ఇచ్చింది. ఏమేం పోయాయో తేల్చడానికి ఆమె ఉదాహరణగా తీసుకున్న సీరియల్స్‌లో డాక్టర్ హూ ఒకటి. అదే కాలంలో ఇయాన్ లెవైన్ అనే అభిమాని ఎంటర్‌ప్రైజెస్‌కి వెళ్తే, డాలెక్స్ మొదటిసారి కనిపించిన కథ ఫిల్ములు పారేయడానికి సిద్ధంగా కట్టలు కట్టి ఉన్నాయి. ఆయన వాటిని ఆపించాడు. ఈ సీరియల్ పేరు చెప్పగానే ప్రపంచమంతా గుర్తుపట్టే ఆ మిరియాల డబ్బా ఆకారపు శత్రువులు తొలిసారి తెర మీదికి వచ్చిన కథ, ఇంకొంచెం ఆలస్యమైతే చెత్తలోకి వెళ్లిపోయేది.

డాక్టర్ హూ ఒక్కదానికే ఇలా జరగలేదని కూడా చెప్పాలి. 1969లో చంద్రుడి మీద మనిషి దిగిన రాత్రి బీబీసీ స్టూడియో నుంచి నడిపిన ప్రసారం కూడా దాదాపు అంతా పోయింది. దాన్ని దాచనివాళ్లు పిల్లల సీరియల్‌ని దాచలేదని కోప్పడటంలో నాకు అర్థం కనిపించదు.

లెక్క చూద్దాం. మొదటి డాక్టర్ విలియం హార్ట్‌నెల్, రెండో డాక్టర్ ప్యాట్రిక్ ట్రౌటన్. 1963 నుంచి 1969 దాకా ఇద్దరివీ కలిపి 253 ఎపిసోడ్లు. 2013లో ఒకేసారి తొమ్మిది దొరికాక, లేనివాటి లెక్క 97కి దిగింది. హార్ట్‌నెల్‌వి 44, ట్రౌటన్‌వి 53. ఆ 97లో ప్రతి ఒక్కదానికీ పూర్తి శబ్దం ఉంది. ఒక్కటి కూడా తప్పిపోలేదు. ఆ కాలంలో పోయిన మిగతా బీబీసీ కార్యక్రమాల్లో చాలావాటికి ఆ భాగ్యం లేదు.

ఆ శబ్దాన్ని దాచింది బీబీసీ కాదు. దాచింది పిల్లలు. శనివారం సాయంత్రం టీవీ స్పీకరు ముందు మైకు పెట్టి, రీలు టేప్‌రికార్డర్ ఆన్ చేసి, ఇంట్లో ఎవరూ మాట్లాడొద్దని బతిమాలి కూర్చున్న బ్రిటన్ కుర్రాళ్లు. ఒకళ్లు కాదు, ఒకళ్లకొకళ్లు తెలియకుండా చాలామంది, వేర్వేరు ఊళ్లలో. గదిలో చప్పుళ్లు పడకుండా ఉండాలని ఒక కుర్రాడు ఏకంగా టీవీ వెనక విప్పి, లోపలి వైరునే తన రికార్డరుకి కలుపుకున్నాడు. అతని టేపులు ఇప్పటికీ అన్నిటికంటే తేటగా వినిపిస్తాయి. వాళ్లెవరూ భవిష్యత్తు కోసం చేయలేదు. ఎపిసోడ్ ఒకసారి వస్తే మళ్లీ రాదు కాబట్టి, రాత్రి పడుకునేటప్పుడు ఇంకోసారి వినాలనిపించింది, అంతే. తర్వాత ఆ టేపులన్నీ ఒకచోటికి చేరాయి. ఒకరి టేపులో గీత పడిన చోట ఇంకొకరి టేపు నుంచి ముక్క తీసి అతికించి, శుభ్రం చేసి, బీబీసీయే వాటిని సీడీలుగా అమ్మింది. తెర మీద మాట లేకుండా ఏదైనా జరిగినప్పుడు వినేవాళ్లకి తెలియడానికి, ఆ రోజుల్లో నటించినవాళ్లతోనే మధ్యమధ్యలో వ్యాఖ్యానం చెప్పించారు.

ఆకాశవాణి విజయవాడ నాటకాలు విని పెరిగిన ఇంటివాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. చెవి ఒక్కటి చాలు, మిగతాది మనసు కట్టుకుంటుంది.

కానీ అన్నీ చెవితో అందవు. అభిమానిగా నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. హార్ట్‌నెల్ కాలపు కథలు చాలావరకు మాటల మీద నడుస్తాయి. ‘మార్కో పోలో’ వింటుంటే రంగస్థల నాటకం విన్నట్టే ఉంటుంది, ఏదీ తప్పిపోయినట్టు అనిపించదు. ట్రౌటన్ సంగతి వేరు. ఆయన నటనంతా మొహంలో ఉంటుంది. భయపడినట్టు నటిస్తూ కళ్లతో ఎదుటివాడిని కొలవడం, మాట మధ్యలో చేతులు నలపడం, ఒక్క చూపుతో తెలివితక్కువవాడిలా కనపడటం. మాటలు వింటే సగం మనిషే దొరుకుతాడు. పైగా ఎక్కువ పోయింది ఆయనవే.

ఇంకా కష్టం ఏంటంటే, సీరియల్ చరిత్రలో అతి ముఖ్యమైన మలుపు సరిగ్గా ఆ ఖాళీలో పడింది. 1966 అక్టోబర్ 29న ‘ది టెన్త్ ప్లానెట్’ చివర్లో హార్ట్‌నెల్ టార్డిస్ నేల మీద కూలిపోయి, మొహం వెలుగులో కరిగిపోయి, ట్రౌటన్ అవుతాడు. ఆ తర్వాత వచ్చిన డాక్టర్లందరికీ దారి వేసింది ఆ క్షణం. ఆ కథలో మొదటి మూడు ఎపిసోడ్లు ఉన్నాయి, నాలుగోది లేదు. మార్పు జరిగే చిన్న ముక్క మాత్రం మిగిలింది. 1973లో ‘బ్లూ పీటర్’ అనే పిల్లల కార్యక్రమంలో సీరియల్ పదేళ్ల పండుగ సందర్భంగా దాన్ని వేశారు, ఆ రకంగా బతికింది. ఇక కొత్త డాక్టర్ మొదటి కథ, ‘పవర్ ఆఫ్ ది డాలెక్స్’, ఆరు ఎపిసోడ్లూ పోయాయి. పాత మనిషిని ప్రేమించిన పిల్లల ముందు ఈ కొత్త మనిషి ఎలా నిలబడ్డాడో, వాళ్లని ఎలా తనవైపు తిప్పుకున్నాడో మనం చూడలేం. పిల్లనగ్రోవి లాంటి రికార్డర్ ఊదుతూ ప్రశ్నలకి జవాబు తప్పించుకోవడం మాత్రం వినగలం.

బొమ్మ వైపు నుంచి మిగిలినది ఇంకా విచిత్రం. జాన్ క్యూరా అనే ఫొటోగ్రాఫర్ ఉండేవాడు. 1940ల చివర నుంచి ఆయన వృత్తి ఒక్కటే: ఇంట్లో టీవీ ముందు కెమెరా పెట్టి, కార్యక్రమం నడుస్తుండగా తెరని ఫొటోలు తీయడం. వీడియో లేని రోజుల్లో దర్శకులకీ నటులకీ తమ పని చూసుకోవడానికి ఇంకో దారి లేదు, అందుకని కొనుక్కునేవాళ్లు. వీటిని టెలీస్నాప్స్ అంటారు. ఒక్కో ఎపిసోడ్‌కి అరవై, డెబ్భై దాకా ఉంటాయి, తపాలా బిళ్లంత చిన్నవి. ట్రౌటన్ కాలపు ఎపిసోడ్లకి చాలావరకు ఉన్నాయి. ఈ ఫొటోల్ని వరసలో పెట్టి, కింద పిల్లలు దాచిన శబ్దం కలిపి, అభిమానులు ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మీద పోయిన ఎపిసోడ్లన్నీ కట్టుకున్నారు. వాటిని ‘రీకన్’ అంటారు. నిద్ర మానేసి చేసిన పని అది, రూపాయి రాబడి లేదు.

కదిలే బొమ్మలు కొన్ని సెన్సారు పుణ్యాన మిగిలాయి. పిల్లలు భయపడతారని ఆస్ట్రేలియా సెన్సారు వాళ్లు 1960ల్లో ఎపిసోడ్ల నుంచి ముక్కలు కత్తిరించేవాళ్లు. కత్తిరించిన ఫిల్ము ముక్కల్ని నియమం ప్రకారం ఫైలులో భద్రపరిచారు. మిగతా ఎపిసోడ్ తర్వాత నాశనమైంది, ముక్కలు ఫైళ్లలోనే ఉండిపోయాయి. 1996లో ఇద్దరు ఆస్ట్రేలియా అభిమానులు జాతీయ ఆర్కైవ్స్‌లో వెతికి వాటిని బయటికి తీశారు.

అందులో ఒక ముక్క గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 1968లో వచ్చిన ‘ఫ్యూరీ ఫ్రమ్ ది డీప్’ కథకి ఆరు ఎపిసోడ్లు, ఒక్కటీ లేదు. ఈ ముక్కలో ఇద్దరు మనుషులు, ఒకడు లావు, ఒకడు సన్నం, ఒకామె పడకగదిలోకి వస్తారు. చూడటానికి మెకానిక్కుల్లా ఉంటారు, ఒక్క మాట మాట్లాడరు. ఆమె వైపు తిరిగి నెమ్మదిగా నోళ్లు తెరుస్తారు. కళ్లు పెద్దవవుతాయి. నోట్లోంచి విషవాయువు ‘హా’ అంటూ వస్తుంది, ఆమె ఊపిరాడక కింద పడిపోతుంది. అంతే ఉంది. మొదటిసారి రాత్రిపూట చూశాను, ఆ తెరిచిన నోళ్లు చాలా రోజులు కళ్ల ముందే ఉన్నాయి. కత్తిరించినవాళ్ల అంచనా తప్పు కాదు. కానీ ఈ కథ అంతా ఇంత భయంకరంగా ఉండేదా? శబ్దం వింటే అలా అనిపించదు. చాలాభాగం గ్యాస్ కంపెనీ ఆఫీసులో వాదనలే. మిగిలింది అతి భయంకరమైన ముక్క కాబట్టి, కథంతా అలాంటిదే అనుకుంటాం.

ఈ విషయంలో నేను అందరికీ చెప్పాలనుకునేది ఇదే. పోయినవాటి గురించి మనకున్న అభిప్రాయాలన్నీ ఏది మిగిలింది అన్నదాని మీద కట్టుకున్నవి. ఏది మిగలాలో ఎవరూ ఎంచలేదు. దీనికి రుజువు రెండు కథల్లో దొరుకుతుంది.

‘టూమ్ ఆఫ్ ది సైబర్‌మెన్’ 1967 నాటి కథ. చిన్నప్పుడు చూసినవాళ్లు దాన్ని ఆకాశానికెత్తి చెప్పేవాళ్లు. పాతికేళ్లపాటు అది దేవుడి విగ్రహంలా పెరిగింది. 1992లో హాంకాంగ్ నుంచి నాలుగు ఎపిసోడ్లూ తిరిగొచ్చాయి. మంచి కథే. కానీ చాలామంది మనసులో తీసుకున్న కథ అంతకంటే పెద్దది, కొంత నిరాశ తప్పలేదు. ‘ది ఎనిమీ ఆఫ్ ది వరల్డ్’ది దీనికి పూర్తిగా తిరగబడిన కథ. అందులో మూడో ఎపిసోడ్ ఒక్కటే ఉండేది. అది ఆరింటిలోకీ నీరసమైనది, ఎక్కువసేపు వంటగదిలోనూ వరండాలోనూ నడుస్తుంది. దాన్ని చూసి కథంతా చప్పగా ఉంటుందని దశాబ్దాలపాటు తీర్పు చెప్పేశారు. 2013లో మిగతా ఐదూ దొరికాయి. చూస్తే హెలికాప్టర్లు, హోవర్‌క్రాఫ్ట్, భూగర్భంలో మోసపోయి బతుకుతున్న జనం, అన్నిటికీ మించి ట్రౌటన్ డాక్టరుగానూ నియంత సాలమాండర్‌గానూ రెండు పాత్రలు వేసి, రెండో మనిషి నడకే మార్చేయడం. ఇవాళ ఆయన కథల్లో మంచివాటి జాబితా రాస్తే చాలామంది దీన్ని పైన పెడతారు. ఆ కథలో ఏదీ మారలేదు. మనం దాని ఒక్క కిటికీలోంచే చూసి ఇల్లంతా అలాగే ఉంటుందనుకున్నాం.

2013 దొరుకుడు జరిగింది నైజీరియాలోని జోస్ అనే ఊళ్లో. ఫిలిప్ మారిస్ అనే బ్రిటిష్ ఆర్కైవిస్టు ఆఫ్రికాలో టీవీ స్టేషన్లు వెతుక్కుంటూ తిరుగుతూ, ఒక రిలే స్టేషన్ స్టోరు గదిలో పాత ఫిల్ము డబ్బాలు చూశాడు. పదకొండు ఎపిసోడ్లు దొరికాయి, అందులో తొమ్మిది అప్పటిదాకా ఎక్కడా లేనివి. అక్కడ దొరికిన రెండో కథ ‘ది వెబ్ ఆఫ్ ఫియర్’లో మూడో ఎపిసోడ్ మాత్రం చేతికి రాలేదు. ఆ తర్వాత ఏళ్ల తరబడి సీరియల్‌కి ప్రాణమైన లెత్‌బ్రిడ్జ్-స్టూవర్ట్ అనే సైన్యాధికారి మొదటిసారి డాక్టరుని కలిసేది ఆ పోయిన మూడో దాంట్లోనే.

అంతకుముందు దొరికినవి ఒక్కోటీ ఒక్కో దారి. 1983లో లండన్‌లో ఒక చర్చి నేలమాళిగలో రెండు. 1999లో న్యూజీలాండ్‌లో ఒకరి దగ్గర ఒకటి. 2004లో బీబీసీ మాజీ ఇంజినీరు ఒకాయన తన దగ్గరున్న ఒకటి తిరిగిచ్చాడు. 2011లో పాత టీవీ ఇంజినీరు ఒకాయన దగ్గర రెండు, ఆయన వాటిని చాలా ఏళ్ల క్రితం ఒక సంతలో కొన్నాడు. తన దగ్గరున్నవి ఎక్కడా లేనివని ఆయనకి తెలియనే తెలియదు.

అయితే అందరికీ తెలియక కాదు, తెలిసీ దాచుకున్నవాళ్లు ఉన్నారన్న అనుమానం అభిమానుల్లో బలంగా ఉంది. ఇక్కడ నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఫిల్ములు సేకరించేవాళ్లని దొంగల్లా చూసి వేటాడటం తప్పు. 1970ల్లో చెత్తబుట్ట నుంచి ఫిల్ము తీసి ఇంటికి పట్టుకెళ్లినవాడు చట్టం దృష్టిలో నేరస్తుడు కావచ్చు. అతను తీయకపోతే అది బూడిదయ్యేది. బాబ్ మాంక్‌హౌస్ అనే పేరున్న కమెడియన్ మీదే ఆ దశాబ్దం చివర్లో ఫిల్ములు దాచుకున్నాడని కేసు నడిచింది, చివరికి నిర్దోషిగా బయటపడ్డాడు. అది చూసిన మామూలు సేకర్తలు నోరు విప్పుతారా? ఆ తరం వాళ్లు ఇప్పుడు వృద్ధులు. వాళ్లు పోయాక, అటక మీది డబ్బాలో ఏముందో తెలియని పిల్లలు ఇల్లు ఖాళీ చేస్తారు. నాకున్న టెన్షన్ అంతా ఆ ఖాళీ చేసే రోజు గురించే. ఫిల్ము కూడా ఊరికే ఉండదు. సరిగ్గా దాచకపోతే వెనిగర్ వాసన కొట్టి, ముడుచుకుపోయి, చివరికి ఆడించడానికి పనికి రాకుండా పోతుంది.

కొన్ని మాత్రం ఎప్పటికీ దొరకవని దాదాపు ఖాయం. 1965 క్రిస్మస్ రోజు వచ్చిన ‘ది ఫీస్ట్ ఆఫ్ స్టీవెన్’ని విదేశాలకి అమ్మకానికే పెట్టలేదు. ప్రపంచం చుట్టూ తిరగని ఫిల్ము ఏ స్టోరు గదిలో దొరుకుతుంది?

రంగు విషయంలో జరిగింది వింటే మాత్రం ఆశ పుడుతుంది. 1970ల ఎపిసోడ్లు అన్నీ ఉన్నాయి గానీ, కొన్ని నలుపు తెలుపు ఫిల్ము కాపీలుగానే మిగిలాయి. రంగుల బొమ్మని నలుపు తెలుపు ఫిల్ము మీదికి ఎక్కించేటప్పుడు, రంగుకి సంబంధించిన సిగ్నల్ సన్నటి చుక్కల వలలా బొమ్మ మీద పడిపోయేది. ఏళ్ల తరబడి దాన్ని మచ్చ అనుకున్నారు. ఆ చుక్కల్లోనే రంగు దాక్కుని ఉందని గ్రహించి, ఫిల్ముని చాలా నాణ్యంగా స్కాన్ చేసి, ఆ చుక్కల్ని కంప్యూటరుతో చదివించి, అసలు రంగుల్ని వెనక్కి రాబట్టారు. 1971 నాటి ‘ది మైండ్ ఆఫ్ ఈవిల్’లో ఆరింటిలో ఐదు ఎపిసోడ్లకి ఇలాగే రంగు వచ్చింది. మొదటి ఎపిసోడ్ ఫిల్ములో ఆ చుక్కలు లేవు, దానికి ఒక అభిమాని కంప్యూటర్ మీద ఫ్రేము ఫ్రేముగా రంగులు వేశాడు. ఈ పనులు చేసినవాళ్లలో చిన్నప్పుడు సోఫా వెనక దాక్కుని ఈ సీరియల్ చూసినవాళ్లు ఉన్నారు.

ఈ సీరియల్‌లో అభిమానికీ సృష్టికర్తకీ మధ్య గోడ మొదటి నుంచీ పలచనే. పీటర్ కపాల్డీ పదిహేనేళ్లప్పుడు సీరియల్‌ని మెచ్చుకుంటూ రాసిన ఉత్తరం 1974లో ‘రేడియో టైమ్స్’ పత్రికలో అచ్చయింది, దాదాపు నలభై ఏళ్లకి ఆయనే డాక్టర్ అయ్యాడు. 1986లో టీవీలో కూర్చుని ఆ ఏడాది కథలు బాగోలేదని రచయితల మొహం మీదే చెప్పిన కుర్రాడు క్రిస్ చిబ్నల్, తర్వాత సీరియల్ పగ్గాలే పట్టాడు. 2005లో దాన్ని తిరిగి నిలబెట్టిన రస్సెల్ టి డేవిస్, అది ఆగిపోయిన రోజుల్లో దాని నవలలు రాసినవాళ్లలో ఒకడు.

2006 నుంచి పోయిన ఎపిసోడ్లని పిల్లలు దాచిన శబ్దం మీద యానిమేషన్‌గా కూడా తీస్తున్నారు. కొత్తవాళ్లకి అవి మంచి ద్వారం, కాదనను. నేను మాత్రం కదలని ఫొటోలూ శబ్దమూ ఉన్న రీకన్‌లకే వెళ్తాను. యానిమేషన్‌లో ట్రౌటన్ బొమ్మ కళ్లు తిప్పితే అది ఎవరో గీసిన చూపు. టెలీస్నాప్‌లో మసకగా ఉన్నా సరే, ఆ క్షణాన ఆయన చూసిన చూపే. 2019లో సెంట్రల్ లాంకషైర్ విశ్వవిద్యాలయం విద్యార్థులు ‘మిషన్ టు ది అన్‌నోన్’ అనే ఒక్క ఎపిసోడ్ కథని పాత స్క్రిప్టు ప్రకారం, నలుపు తెలుపులో, సెట్లు కట్టి మళ్లీ నటించి, అది మొదట వచ్చిన అక్టోబర్ 9వ తేదీనే, యాభై నాలుగేళ్ల తర్వాత విడుదల చేశారు. అది చూసి కళ్లు చెమర్చాయి.

మళ్లీ ‘మార్కో పోలో’ దగ్గరికి వద్దాం. ఆ కథకి టెలీస్నాప్స్ లేవనే చాలాకాలం అనుకున్నారు. తర్వాత ఆరు ఎపిసోడ్లవి దొరికాయి. ఎక్కడ? వారిస్ హుస్సేన్ దగ్గర. కుర్రతనంలో తన పని ఎలా వచ్చిందో చూసుకోవడానికి క్యూరా దగ్గర కొనుక్కున్నవి నలభై ఏళ్లు భద్రంగా ఉంచుకున్నాడు. వాటివల్లే గోబీ ఎడారి గుడారాలూ, ఖాన్ కొలువూ కనీసం తపాలా బిళ్లంత సైజులో మన కంటికి అందాయి. కానీ నాలుగో ఎపిసోడ్, ‘ది వాల్ ఆఫ్ లైస్’, జాన్ క్రాకెట్ దర్శకత్వం చేసింది. హుస్సేన్ తీసింది కాదు కాబట్టి ఆయన కొనుక్కోలేదు. ఆ వారం మన దగ్గర ఉన్నది శబ్దం ఒక్కటే.

ఆ ఎపిసోడ్ చివర్లో డాక్టర్ బృందం గుడారంలో బందీలు. వాళ్లలో ఒకడైన ఇయాన్ చీకట్లో గుడారం గుడ్డ కోసి బయటికి వస్తాడు, కాపలావాడిని వెనక నుంచి పట్టుకుందామని. అక్కడ మాటలుండవు. కుర్రాళ్లు దాచిన టేపులో ఆ చోట సంగీతం, చిన్న అలికిడి తప్ప ఏమీ తెలియదు. 2003లో వచ్చిన సీడీలో ఆ నిశ్శబ్దంలోకి ఒక ముసలి గొంతు వస్తుంది. కాపలావాడు అప్పటికే చనిపోయి ఉన్నాడని చెబుతుంది. ఆ గొంతు విలియం రస్సెల్‌ది. అప్పటికి ఆయనకి 78 ఏళ్లు. 1964లో గుడారం కోసుకుని ఆ చీకట్లోకి వచ్చిన ఇయాన్ ఆయనే.